ఖాళీని కొలిచిన మాస్టారు

1962 సెప్టెంబర్ 4న జకార్తాలోని సెనాయన్ స్టేడియంలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ ఆడిన భారత జట్టులో సెంటర్ ఫార్వర్డ్ జర్నైల్ సింగ్. ఆ రోజుల్లో ఆసియా మొత్తం మీద పేరుమోసిన స్టాపర్ ఆయన. గోల్ ముందు నిలబడి వచ్చినవాణ్ని వచ్చినట్టు ఆపడమే ఆయన వృత్తి. అంతకుముందు థాయ్‌లాండ్‌తో ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటి మనిషిని బయట కూర్చోబెట్టినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రం ఆయన్ని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పంపించాడు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. ఫైనల్లో 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో మళ్లీ జర్నైల్. మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాయే ఈసారి 1-2తో ఓడింది. బంగారు పతకం మనకు వచ్చింది.

దీన్ని అదృష్టం ఖాతాలో వేసెయ్యడం తేలిక. కానీ స్టాపర్‌ను ఫార్వర్డ్‌గా మార్చగలిగిన కోచ్ దగ్గర ఒక లెక్క ఉండి తీరాలి. ఆ లెక్కేమిటో విప్పి చూస్తే ఫుట్‌బాల్లో దాడి, రక్షణ అనే రెండు పనులూ ఎలా అల్లుకుని ఉంటాయో తెలుస్తుంది.

ముందు మైదానం. అంతర్జాతీయ మ్యాచ్‌లకు సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే ఏడువేల పైచిలుకు చదరపు మీటర్లు. అందులో ఇరవై ఇద్దరు మనుషులు, ఒక్క బంతి. ఆట 90 నిమిషాలు. బంతి క్షణం కూడా ఆగకుండా తిరిగిందనుకుని అందరికీ సమానంగా పంచినా మనిషి వాటాకు వచ్చేది నాలుగు నిమిషాలు. మిగతా 86 నిమిషాలూ ఆటగాడు బంతి లేకుండానే ఆడతాడు. చూసేవాళ్ల కళ్లు ఆ నాలుగు నిమిషాల మీద ఉంటాయి. కోచ్ పని అంతా ఆ 86 నిమిషాల మీద.

ఆ పనికి మూలసూత్రం ఒక్కటే. బంతి మన దగ్గర ఉంటే మైదానాన్ని పెద్దది చెయ్యాలి, వాళ్ల దగ్గర ఉంటే చిన్నది చెయ్యాలి. సున్నపు గీతలు ఎలాగూ జరగవు. మనుషులు ఎక్కడ నిలబడతారన్నదాన్ని బట్టి ఖాళీలు పెరుగుతాయి, తరుగుతాయి. ఇంగ్లండ్‌లో అలెన్ వేడ్ 1967లో ఈ సూత్రాలన్నిటినీ ఒక శిక్షణ గ్రంథంలో వరసపెట్టి రాశాడు. చాలా దేశాల కోచింగ్ కోర్సుల్లో ఇప్పటికీ వినిపించేది దాదాపు ఆ వరసే. అప్పటికి రహీం చనిపోయి నాలుగేళ్లయింది. కానీ ఆ సూత్రాలతో ఆయన హైదరాబాద్ పిల్లల్ని ఎప్పుడో ఆడించేశాడు.

దాడిలో మొదటిది చొచ్చుకుపోవడం. బంతి అందగానే ముందు చూడాల్సింది ఎదుటి గోల్ వైపు. పాస్ విలువను పొడవుతో కొలవకూడదు. అది వెళ్లినప్పుడు ఎదుటివాళ్లు ఎంతమంది దాని వెనక మిగిలిపోయారన్నదే కొలత. ముప్పై మీటర్ల అడ్డపాస్ ఒక్కణ్ని కూడా దాటకపోవచ్చు. ఇద్దరి మధ్య నుంచి దూరిన ఎనిమిది మీటర్ల పాస్ ఒక్క దెబ్బకు అయిదుగుర్ని పనికిరాకుండా చెయ్యొచ్చు.

దారి మూసి ఉంటే? అప్పుడు ఆసరా కావాలి. బంతి ఉన్నవాడికి కనీసం ఇద్దరు అందుబాటులో ఉండాలి. ఇక్కడో సూక్ష్మం ఉంది. దగ్గరగా ఉన్నంత మాత్రాన అందుబాటులో ఉన్నట్టు కాదు. బంతికీ తనకూ మధ్య గీత గీస్తే ఆ గీత మీద ఎదుటివాడి కాలు ఉండకూడదు. రెండడుగులు పక్కకు జరిగితే గీత తెరుచుకుంటుంది. ఆ రెండడుగులు ఎప్పుడు వెయ్యాలో తెలిసినవాణ్ని గ్యాలరీలో ఎవరూ గమనించరు, కోచ్ మాత్రం ఆ పేరు గుర్తుపెట్టుకుంటాడు. ఇలా ముగ్గురు నిలబడితే త్రికోణం అవుతుంది. బంతి కదిలిన ప్రతిసారీ పాత త్రికోణం చెరిగి కొత్తది పుట్టాలి.

ఆసరా చాలామందిని బంతి చుట్టూ లాగేస్తుంది కాబట్టి దానికి విరుగుడుగా వెడల్పు. ఇద్దరు వింగర్లు చెరో అంచు గీతకు అంటుకుని నిలబడితే డిఫెండర్ల ముందు ఇబ్బందైన ప్రశ్న వచ్చి పడుతుంది. వాళ్ల కోసం విస్తరిస్తే మధ్యలో సందులు తెరుచుకుంటాయి, మధ్యలో గుమిగూడితే అంచులు ఖాళీ. వింగర్‌కు పావుగంట సేపు బంతి తగలకపోయినా అతను పని చేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత చలనం. ఒకడు తన చోటు విడిచి పరిగెత్తితే కాపలా కాస్తున్నవాడు వెంటపడతాడు. వాళ్లిద్దరూ విడిచిన ఖాళీలోకి మూడోవాడు వస్తాడు. మొదటివాడికి బంతి రాదని అతనికీ తెలుసు, అయినా పూర్తి వేగంతో పరిగెత్తాలి. నా మటుకు నాకు ఆట మొత్తంలో గొప్ప పరుగు ఇదే. చివరిది అప్పటికప్పుడు పుట్టే సొంత యుక్తి. దానికి చోటు ఎదుటి గోల్ ముందరి పదహారున్నర మీటర్లలో. సొంత గోల్ దగ్గర యుక్తులు చూపించేవాడితో ఏ కోచ్‌కీ నిద్ర పట్టదు.

ఇక రక్షణ. పుదుచ్చేరిలో ఉప్పళం ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర సాయంత్రాలు పిల్లలు సాధన చేస్తుంటే కూర్చుని చూడడం నాకిష్టం. కొత్తగా చేరిన పిల్లవాడు ఎదుటివాడి దగ్గర బంతి కనిపిస్తే చాలు, మీదికి దూకుతాడు. ఎదుటివాడు బంతిని అర అడుగు పక్కకు తోస్తాడు, మనవాడు గాల్లో తన్ని కింద పడతాడు. అలవాటైన పిల్లవాడు దూకడు. ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఆగుతాడు. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ పెట్టి, ఏటవాలుగా నిలబడతాడు. చూపు ఎదుటివాడి నడుము, భుజాల వైపు పోనివ్వడు, బంతి మీదే పెడతాడు. వెనక్కి అడుగులు వేస్తూ అతణ్ని అంచు గీత వైపు నెడతాడు. అంచు గీత కూడా ఒక డిఫెండరే, దాన్ని ఎవరూ డ్రిబుల్ చేసి దాటలేరు. ఈ పనికి కోచ్‌లు పెట్టిన పేరు ఆలస్యం చెయ్యడం. బంతి దొరకకపోయినా ఫర్వాలేదు, మూడు సెకన్లు దొరికితే చాలు. ఆ మూడు సెకన్లలో వెనక మిగతావాళ్లు సర్దుకుంటారు.

మన తెలుగు ఊళ్లలో కబడ్డీ ఆడినవాళ్లకు ఇది చప్పున ఎక్కుతుంది. కూతకు వచ్చినవాడి కాలు మొదటివాడు తొందరపడి పట్టబోతే పాయింటు పోయినట్టే. గొలుసు బిగిసేదాకా అతణ్ని మూలకు తోలుతూ, పక్కవాళ్లు అందే దూరానికి వచ్చాకే పట్టు పడతారు.

ఆ గొలుసులో రెండోవాడి పేరు కవర్. మొదటి డిఫెండర్‌కు వెనక, కాస్త లోపలి వైపుగా నిలబడతాడు. ఎంత వెనక అన్నదే అసలు విద్య. మరీ దగ్గరైతే ఒకే కదలికకు ఇద్దరూ బోల్తా పడతారు. మరీ దూరమైతే మొదటివాణ్ని దాటిన ఫార్వర్డ్‌కు తల ఎత్తి చూసుకునే తీరిక దొరుకుతుంది. ఎదుటివాడి వేగాన్ని బట్టి, గోల్ ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని బట్టి ఈ దూరం క్షణక్షణం మారుతుంది. మూడోవాడు అవతలి అంచున ఉంటాడు. తన మనిషిని పూర్తిగా వదలడు, అలాగని అంటుకుని ఉండడు. ఒక చూపులో మనిషీ బంతీ రెండూ పడేలా మధ్యకు జరిగి నిలబడతాడు. దీన్ని సమతూకం అంటారు. బంతి ఇటు నుంచి అటు ఎగిరితే దానితోపాటే పాత్రలు మారతాయి. మూడోవాడు మొదటివాడవుతాడు, మొదటివాడు వెళ్లి సమతూకం చూసుకుంటాడు.

వీళ్లందరూ చివరికి గోల్ ముందు మధ్యభాగంలో దగ్గరగా కుదురుకోవాలంటారు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. సరిగ్గా ఎదురుగా, 11 మీటర్ల దూరంలో ఉన్న పెనాల్టీ స్పాట్ దగ్గర నిలబడితే రెండు పోస్టుల మధ్య కోణం దాదాపు 37 డిగ్రీలు. గోల్ లైన్ నుంచి అంతే దూరంలో ఉంటూ పక్కకు 20 మీటర్లు జరిగితే అదే గోల్ 9 డిగ్రీలకు కుదించుకుపోతుంది. పోస్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ గోల్ నాలుగో వంతయింది. డిఫెండర్ ఎదుటివాణ్ని అంచుకు తోలడంలో ఉన్న కిటుకంతా ఇదే.

ఇలా చూస్తే దాడి సూత్రాలూ రక్షణ సూత్రాలూ జతలు జతలుగా కనిపిస్తాయి. చొచ్చుకుపోవడానికి జవాబు ఆలస్యం, ఆసరాకు జవాబు కవర్, వెడల్పుకు జవాబు కుదురు, చలనానికి జవాబు సమతూకం. చివర్లో పుట్టే యుక్తికి జవాబు తొందరపడని నిగ్రహం. ఒక వైపు తెలివి పెరిగినప్పుడల్లా రెండో వైపు బదులు వెతుక్కుంది, ఫుట్‌బాల్ చరిత్రంతా ఆ బదుళ్లతోనే నడిచింది. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. పాస్ అందుకునేవాడికీ గోల్ లైనుకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్నది ఇద్దరికి తగ్గింది. ఫార్వర్డ్‌లకు పండగ. దానికి బదులుగా మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి దించి స్టాపర్‌ను చేశారు. స్టాపర్ ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను అంటిపెట్టుకుని ఉంటాడు. పాతికేళ్లు అది నిలిచింది. అప్పుడు హంగేరీ వాళ్లు తమ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్కుటిని మైదానం మధ్యకు దించి ఆడించారు. స్టాపర్‌కు రెండే దారులు, రెండూ తప్పే. వెంట వెళితే వెనక బోలెడు ఖాళీ, వెళ్లకపోతే హిడెగ్కుటి ఒంటరిగా, తీరిగ్గా. 1953 నవంబర్ 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌కు ఆరు గోల్స్ పడ్డాయి, అందులో మూడు హిడెగ్కుటివే.

అంతకుముందు ఏడాది, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే హంగేరీ బంగారు పతకం గెలిచింది. రహీం జట్టు అక్కడ యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాతే మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం బూట్లతో ఆగలేదు. హంగేరీ ఆటను శ్రద్ధగా చదువుకుని వచ్చాడు.

చదువుకోవడం ఆయనకు కొత్త కాదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో బీఏ చదివి, బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆటగాళ్లకు రహీం సాబ్. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఈ కప్పుల కన్నా నాకు ముచ్చటేసేది హైదరాబాద్‌లో ఆయన పెట్టించిన వింత టోర్నమెంట్లు. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. ఇంకొకదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి.

ఇవి పైకి సరదా పోటీల్లా కనిపిస్తాయి. లోపల ఉన్న యంత్రం చూడండి. డ్రిబ్లింగ్ నిషేధిస్తే బంతి ఉన్నవాడు దాన్ని వెంటనే వదిలెయ్యాలి. వదలాలంటే ఎవరో ఒకరు అందుబాటులో ఉండాలి. కాబట్టి మిగతా పదిమందీ కదలక తప్పదు. ఆసరా, చలనం అనే మాటలు ఎవరూ ఉచ్చరించకుండానే కాళ్లలోకి వచ్చేస్తాయి. అవతలి జట్టు కూడా అదే సమయంలో నేర్చుకుంటుంది. బంతి ఉన్నవాడి మీదికి పోయి లాభం లేదు, అది ఈలోగా వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళుతుందో ముందే చదివి ఆ గీత మీద కాలు పెట్టాలి. ఒక్క నియమం మారిస్తే రెండు జట్లకూ రెండు పాఠాలు. వాటం లేని కాలి పోటీ అంతకన్నా తెలివైనది. డిఫెండర్ పాత ఉపాయం ఎదుటివాణ్ని వాటం లేని వైపు తోలడం. రెండు కాళ్లూ ఒకటే అయిన ఫార్వర్డ్‌ను ఎటు తోలినా ఒకటే. డిఫెండర్ చేతిలోని సగం ఆయుధం అక్కడే పోయినట్టు. పిల్లల్ని వరసలో నిలబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చే కోచ్‌లు ఇప్పటికీ ఉన్నారు. రహీం నియమాన్ని మార్చి, ఈల ఊది, తప్పుకుని నిలబడ్డాడు. బోధనలో ఇంతకన్నా నేర్పైన పని నాకు తెలియదు.

ఫలితం తొందరలోనే తేలింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీ ఫైనల్లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియా. మొదటి గోల్ మనదే. చివరికి 1-4తో ఓడాం, నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం తదితర హైదరాబాదీలు అరడజనుకు పైగా ఉన్నారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టింది ఈ బలరామే. 1-2తో ఓడినా, హంగేరీ దగ్గర నేర్చుకున్నది హంగేరీ మీదే ప్రయోగించిన ఆట అది. ఆ తర్వాతి మ్యాచ్ ఫ్రాన్స్‌తో. కెప్టెన్ పీకే బెనర్జీ గోల్‌తో మనమే ముందున్నాం, ఆఖర్లో ఫ్రాన్స్ సమం చేసి 1-1తో బయటపడింది. పుదుచ్చేరిలో కూర్చుని ఈ స్కోరు రాస్తుంటే ఒక తమాషా గుర్తొస్తుంది. 1954 నవంబర్ 1నే ఈ ఊరు, యానాం, కారైకాల్, మాహే భారత పాలనలోకి వచ్చినా 1960 నాటికి చట్టరీత్యా ఇంకా ఫ్రాన్స్‌వే. చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. జకార్తా ఫైనల్ ఆ తర్వాత పంతొమ్మిదో రోజు.

ఆ ఫైనల్‌కే వద్దాం. పోటీల్లో ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి విమర్శించినందుకు జకార్తా జనం భారత్ మీద మండిపడి ఉన్నారు. నిండు స్టేడియం మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. గోల్‌కీపర్ తంగరాజ్‌కు ఫ్లూ. జర్నైల్ తలకు కుట్లు. ముందురోజు రాత్రి రహీం ఆటగాళ్లను తనకో బహుమతి ఇమ్మని అడిగాడని, ఆ బహుమతి బంగారు పతకమని వాళ్లు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ కబురు బాగానే ఉంటుంది గానీ కొరియాను ఓడించడానికి అదొక్కటే సరిపోదు.

నా అంచనా ఇది. స్టాపర్ స్థానంలో చిన్న పొరపాటుకు ఖరీదు ఒక గోల్, గాయపడ్డ మనిషిని అక్కడ పెట్టకూడదు. ఫార్వర్డ్ పది పరుగుల్లో తొమ్మిది వృథా చేసినా పదోది సరిపోతుంది. పైగా స్టాపర్‌కు తనను ఏ పరుగు ఇబ్బంది పెడుతుందో, ఏ ఖాళీని చూస్తే భయమేస్తుందో ఏళ్ల తరబడి తెలుసు. ఆ పరుగులే తిప్పి కొరియా మీద పెడితే చాలు. ఒడ్డూ పొడుగూ ఉన్న ఆ సర్దార్జీని గోల్ ముందు కాపలా కాయడానికి ఎదుటి డిఫెండర్లు దగ్గరకు జరుగుతారు, అంచున పీకే బెనర్జీకీ లోపల చునీ గోస్వామికీ చోటు దొరుకుతుంది. వెనక వరస భారం అరుణ్ ఘోష్, చంద్రశేఖర్ వంటివాళ్ల మీద పడింది. వాళ్లు తట్టుకోగలిగారంటే కారణం కవర్, సమతూకం అనేవి ఏ ఒక్క మనిషి సొత్తూ కాకపోవడమే. ఎవరు ఎక్కడున్నా పాటించాల్సిన దూరాలవి. ఆ దూరాలు అందరికీ తెలిసినప్పుడే ఒకణ్ని తీసి ఇంకోచోట పెట్టగలం. కొరియా ఒక గోల్ మాత్రమే కొట్టగలిగింది, అదీ ఆట చివర్లో.

రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్ 11న, పతకం వచ్చిన తొమ్మిది నెలలకు, చనిపోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో భారత్‌కు ఆ తర్వాత బంగారు పతకం రాలేదు. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక ఆ పేరు కొత్తతరానికి కొంత తెలిసింది. సినిమాలో ఉద్వేగం ఎక్కువ. వాటం లేని కాలి పోటీల వంటి పనితనం తెర మీద పట్టేది కాదు, దాన్ని మైదానంలోనే చూడాలి.

పుదుచ్చేరిలోనూ యానాంలోనూ, ఆంధ్ర, తెలంగాణ బడుల్లోనూ ఉన్న వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ ఏడాది మీ పిల్లలకు ఒక్క శనివారం డ్రిబ్లింగ్ లేని పోటీ పెట్టండి, మరో శనివారం వాటం లేని కాలి పోటీ పెట్టండి. దానికి కావాల్సింది ఒక బంతి, నాలుగు కోన్లు, ఒక ఈల.